పెట్టె సూర్యాపేటలో, కన్ను కోదాడలో!

వాడిన సైకిలు కొనాలంటే నాలుగడుగులు తొక్కి చూడవచ్చు. పాడిగేదెను కొనాలంటే పాలు పితికించి చూసే పద్ధతి మన పెద్దలు ఎప్పుడో పెట్టారు. వాడిన కెమేరా సంగతి అలా కాదు. అందులోనూ అరవై డెబ్బై ఏళ్ళ కిందటి ఫిల్ము కెమేరా అయితే, పైకి నవనవలాడుతూనే వుంటుంది. మీట నొక్కితే టిక్కుమంటుంది. ఇంటికి తెచ్చి, ఒక రీలు వేసి, ముప్ఫయి ఆరు బొమ్మలూ తీసి, కడిగించి చూస్తేగాని దాని గుణం బయటపడదు. అప్పటికి అమ్మినవాడు ఫోనెత్తడం మానేసి వుంటాడు.

ఈ విద్యలో నేను రెండుసార్లు దెబ్బతిన్నాను. ఒకసారి కొన్న కెమేరా లెన్సు లోపల బూజు పట్టింది—సాలెగూడులాగా సన్నని దారాలు. రెండోసారి కొన్నదానికి తెరలో చిల్లు. తీసిన ప్రతి బొమ్మలోనూ ఆకాశంలో రెండో సూర్యుడు వెలిగాడు. అమ్మినవాళ్ళ పేర్లు ఇక్కడ అనవసరం. చూసుకోకుండా కొన్న తెలివితక్కువ నాది కదా!

“జేబులో సెల్‌ఫోను పెట్టుకుని ఫిల్ము కెమేరా ఏమిటండీ?” అని మీరడగవచ్చు. మా ఇంటావిడ రోజూ అడుగుతూనే వుంది. రీలు ఒక్కటి వెయ్యి రూపాయిలకు అటూ ఇటూ పలుకుతున్న ఈ రోజుల్లో, పెన్షను మీద బతికే బడిపంతులుకు ఇది తగిన సరదా కాదని నాకూ తెలుసు. కాని ముప్ఫయి ఆరే వున్నాయన్నప్పుడు మనిషి చూసే తీరు వేరుగా వుంటుంది. అంతకంటె మంచి జవాబు నా దగ్గర లేదు, ఆవిడ దీన్ని జవాబుగా ఒప్పుకోనూ లేదు.

నేను వెతుకుతున్నది రేంజ్‌ఫైండరు కెమేరా. అదేమిటో తెలియాలంటే, మీ బొటనవేలిని మొహం ముందు పెట్టుకుని ఒకసారి కుడికన్ను, ఒకసారి ఎడమకన్ను మూసి చూడండి. వేలు అటూ ఇటూ గెంతుతుంది. అదే, పొలంగట్టున దూరంగా వున్న తాటిచెట్టయితే కదిలినట్టే కనపడదు. దగ్గరిది ఎక్కువ గెంతుతుంది, దూరంది తక్కువ. ఆ గెంతును కొలిస్తే దూరం తెలిసిపోతుంది. యుద్ధనౌకల మీద ఫిరంగులకు గురి చూపించిన యంత్రాల కిటుకూ ఇదే. కెమేరా నెత్తిన రెండు చిన్న కిటికీలు పెట్టి, రెండింటిలోంచి వచ్చే బొమ్మల్నీ అద్దాలతో ఒకచోటికి తెస్తారు. వెనకనుంచి చూస్తే మనిషికి రెండు ముక్కులు కనిపిస్తాయి. లెన్సు తిప్పుతూ పోతే రెండు ముక్కులూ దగ్గరికి జరిగి ఒక్క ముక్కవుతాయి. అప్పుడు మీట నొక్కాలి. లెన్సు ముందుకూ వెనక్కూ జరిగినప్పుడల్లా లోపల ఒక చిన్న మీటను నెడుతుంది. ఆ మీట కిటికీలోని అద్దాన్ని తిప్పుతుంది. యంత్రమంతా ఇంతే.

ఈ రకం కెమేరాల్లో పెద్ద పేరు లైకాది. జర్మనీలో వెట్జ్‌లార్ అనే వూళ్ళో, లైట్జ్ వారి సూక్ష్మదర్శినుల కార్ఖానాలో పనిచేసే ఆస్కార్ బార్నాక్ అనే ఆయన 1914 ప్రాంతంలో దానికి మొదటి నమూనా చేశాడు. ఉబ్బసం మనిషి, పెద్ద పెద్ద గాజుపలకల కెమేరాలు మోయలేక, సినిమా ఫిల్ముముక్కతో పనిచేసే చిన్న పెట్టె కావాలనుకున్నాడట. మన హైదరాబాదులో ఆరో నిజాం కొలువులో రాజా దీన్‌దయాళ్ వాడిన గాజుపలకల సరంజామా తలచుకుంటే బార్నాక్ బాధ అర్థమవుతుంది! 1925లో ఆ చిన్న పెట్టె లైపుజిగ్ సంతలో అమ్మకానికి వచ్చింది. 1932లో దాని నెత్తిన రేంజ్‌ఫైండరు కూడా వచ్చి కూర్చుంది. హెన్రీ కార్తియే-బ్రెసాన్ 1948 జనవరి 30న, గాంధీగారు హత్యకు గురైన సాయంత్రానికి కొద్దిసేపటి ముందు ఆయనను కలుసుకుని ఫొటోలు తీసింది ఇలాంటి లైకా పట్టుకునే.

సరే, ఇక సూర్యాపేట.

అక్కడ పాత బజారులో ఒకప్పుడు ఒక ఫొటో స్టూడియో వుండేది. నేను పదో తరగతి చదువుతున్నప్పుడు మా బడి గ్రూపు ఫొటో తీసింది ఆ స్టూడియో ఆయనే. నల్లగుడ్డ ముసుగు కెమేరా వేరే వున్నా, పెళ్ళిళ్ళకీ, మీటింగులకీ మెడలో ఒక చిన్న కెమేరా వేసుకుని తిరిగేవాడు. “ఇది లైకా!” అని పిల్లలకు దూరంనుంచే చూపించేవాడు. ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. స్టూడియో వున్నచోట ఇప్పుడు పెద్దకొడుకు జెరాక్సు మిషన్లు పెట్టుకున్నాడు. కెమేరా అమ్ముతారని ఒక పాత శిష్యుడు కబురు చెబితే, మర్నాడే బస్సెక్కాను.

పెద్దాయన—నాకంటె అయిదారేళ్ళు చిన్న లెండి—బీరువాలోంచి తోలుసంచీ తీసి బల్లమీద పెట్టాడు. విప్పి చూస్తే పెట్టె వుంది, లెన్సు లేదు! లెన్సు బిగించే గుండ్రటి నోటికి ఏదో మందుడబ్బా మూత అడ్డంపెట్టి రబ్బరుబాండు చుట్టారు.

“లెన్సేదండీ?”

“అది కోదాడలున్నది సారూ. మా తమ్ముని పాలికి పోయింది.”

ఇల్లూ, కొట్టూ, రెండెకరాల పొలమూ పంచుకున్నాక చివర కెమేరా దగ్గర పేచీ వచ్చిందట. ఎవరికీ వదులుకోవాలని లేదు. పెద్దమనుషులు ఆలోచించి పెట్టె అన్నకూ, అద్దం తమ్ముడికీ ఇప్పించారు. కొబ్బరికాయ పగలగొట్టి చెరో చిప్పా ఇచ్చినట్టు! అప్పటినుంచీ ఆరేళ్ళుగా అన్నదమ్ములకు మాటల్లేవు.

“పెట్టెకే రెండు లచ్చలు. ఒక్క రూపాయి తక్కువైతే మాట్లాడొద్దు,” అన్నాడు పెద్దాయన. ఊరికే అనలేదు. 1923 నాటి లైకా నమూనా ఒకటి 2022 జూన్‌లో వేలంలో కోటీ నలభైనాలుగు లక్షల యూరోలకు పోయిందన్న వార్త ఆయన సెల్‌ఫోనులో దాచుకున్నాడు. అది నిజమైన వార్తే. ఆ నమూనా బార్నాక్ సొంతానికి వాడుకున్నది అన్న సంగతి మాత్రం ఆయన పట్టించుకోలేదు.

నేను మూత తీసి, సెల్‌ఫోను దీపం వేసి నోట్లోకి చూశాను. లెన్సు వచ్చి నెట్టే మీట అక్కడ పైభాగాన వేలాడుతూ వుంటుంది. అసలు లైకాకయితే దాని చివర చిన్న చక్రం వుంటుంది, గుండ్రంగా దొర్లుతుంది. దీనికి చక్రం లేదు; ఒక చీలలాంటి ఇనుపముక్క వుంది. నా గుండె జారింది. పెట్టె నెత్తిమీద చెక్కిన అక్షరాలు చూశాను. అవి ఇంగ్లీషువీ కావు, జర్మనువీ కావు. రష్యన్ లిపి. “జోర్కీ” అని రాసివుంది. చురుకైన చూపుగలవాడని అర్థం. కింద నంబరు 66తో మొదలయింది. చాలా సోవియట్ కెమేరాలకు మొదటి రెండంకెలూ తయారైన సంవత్సరం. మాస్కో దగ్గర క్రాస్నగోర్స్క్ కార్ఖానాలో 1956 నుంచి 1973 దాకా పదిహేను లక్షలకు పైగా తయారుచేసిన జోర్కీ-4 ఇది.

లైకాకు ఇలాంటి తోబుట్టువులు చాలామంది వున్నారు. ఉక్రెయిన్‌లో ఖార్కోవ్‌లో అనాథపిల్లల కమ్యూనులో 1934 నుంచి ఫెడ్ అనే పేరుతో లైకా నకళ్ళు చేశారు. యుద్ధం తరవాత జోర్కీలు వచ్చాయి. కాంటాక్సు అనే ఇంకో జర్మను కెమేరా యంత్రాల్నయితే నష్టపరిహారం కింద తీసుకుపోయి కీవ్‌లో పెట్టి, కీవ్ అనే పేరుతోనే తయారు చేశారు. 1953లో మనకూ సోవియట్‌కూ వర్తక ఒప్పందం కుదిరి, రూపాయిల్లోనే బేరాలు సాగడంతో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు మన వూళ్ళకు వచ్చాయి చూడండి, అలాగే ఆ దేశపు యంత్రాలు కూడా వచ్చాయి. మోటుగా వుంటాయి గాని మంచివే. ఇంకో చిక్కుంది. ఈ నకళ్ళమీద లైకా అని కొత్తగా చెక్కి, బంగారుపూత పూసి అమ్మే మాయగాళ్ళు ఈమధ్య చాలామంది తయారయ్యారు. కాబట్టి పేరు చదివి మోసపోకండి. మూతి తెరిచి చక్రం చూడండి.

ఇవన్నీ పెద్దాయనకు చెప్పక తప్పిందికాదు. ఎంత మెల్లిగా చెప్పినా అది దెబ్బే. ఆయన కాసేపు పెట్టెను తిప్పి తిప్పి చూసుకున్నాడు.

“సచ్చేదాంక లైకా అన్నడు మా నాయిన. ఊరంతా అన్నది. అంటే మా నాయిన అబద్ధమాడిండా సారూ?”

రెండు లక్షలు పోయినందుకు కాదు ఆ అడగడం. నా దగ్గర జవాబు లేదు. “పెట్టె మంచిదే, నాలుగు వేలిస్తాను, తమ్ముడిగారి లెన్సు కూడా చూసి వస్తాను,” అని లేచాను. “పొండి, చూస్కోండి. నా పేరు మాత్రం ఎత్తకండి,” అన్నాడు.

సూర్యాపేటనుంచి కోదాడకు నలభైకిలోమీటర్ల పైచిలుకు. దురాజ్‌పల్లి దాటుతుంటే పెద్దగట్టు కనపడింది. రెండేళ్ళకోసారి లింగమంతుల జాతరకు జనం విరగబడే గట్టు అది. ఆ జాతర ఫొటోలు కూడా స్టూడియో ఆయన ఈ పెట్టెతోనే తీసివుంటాడు. మునగాల వచ్చేదాకా ఆ పెద్దాయన ప్రశ్నే చెవిలో మోగుతోంది.

తమ్ముడుగారిది ఎరువుల కొట్టు. మనిషి కులాసా. నేనెందుకొచ్చానో చెప్పగానే కుర్రాణ్ణి ఇంటికి పంపి ఒక చిన్న స్టీలుడబ్బా తెప్పించాడు. దూదిలో చుట్టి, రెండు కర్పూరబిళ్ళలు పక్కన పెట్టి వుంచారు.

“ఏం చేసుకుంటాను సార్ ఈ బుడ్డి అద్దం? పిల్లలు భూతద్దం అని ఆడుకుంటున్నారు. పదిహేను వందలివ్వండి, తీసుకుపొండి.”

దూది విప్పాను. రూపాయి బిళ్ళకు నాలుగు రూపాయిబిళ్ళలు పేర్చినంత పొట్టి లెన్సు. లాగితే గొట్టం బయటకు వస్తుంది, నెడితే లోపలికి ముడుచుకుంటుంది. చుట్టూ సన్నని అక్షరాలు: ఎర్నెస్ట్ లైట్జ్, వెట్జ్‌లార్, ఎల్మార్, అయిదు సెంటీమీటర్లు, 3.5.

నమ్మలేదు. రష్యావాళ్ళు దీనికీ నకళ్ళు చేశారు, ఇండస్టార్ అనే పేరుతో. పైకి కవల పిల్లలే. తేడా లోపల వుంది. వెలుతురును తగ్గించే రేకుల కన్ను, అసలు ఎల్మార్‌లో మొదటి అద్దానికి వెనకనే వుంటుంది. నకలులో రెండో అద్దానికి కూడా వెనక వుంటుంది. దీపం వేసి చూశాను. రేకులు మొదటి అద్దం వెనకనే, తామరమొగ్గలాగా ముడుచుకున్నాయి. దూరాలు అడుగుల్లో చెక్కివున్నాయి. మాక్స్ బెరెక్ అనే ఆయన లెక్కగట్టిన నాలుగద్దాల లెన్సు. లైకాకు పేరు తెచ్చినది ఇదే. బూజు లేదు. కాస్త మసక. ముందద్దం మీద సన్నసన్నని గీతలు—పంచెచెంగుతో తుడిచిన గీతలు. చవగ్గా అమ్ముకున్నా పాతికవేలకు తక్కువపోదు.

ఇక్కడ పాఠకులకు ఒక నిజం చెప్పాలి. నేను వెంటనే నోరు విప్పలేదు. కుర్రాడు టీ తెచ్చాడు. ఆ టీ పూర్తయ్యేదాకా నా జేబులో పదిహేను వందలు కదులుతూనే వున్నాయి. ఆయన అడిగిన ధరే కదా, నేను తగ్గించమనలేదు కదా, వాడిన వస్తువుల బేరంలో తెలిసినవాడిదే లాభమని ఎవరు ఒప్పుకోరు? రెండుసార్లు నన్ను ముంచినవాళ్ళు నాతో ఇలా ఏమైనా చెప్పారా? దానికితోడు ఇంకో ఆలోచన. ఇది పాతికవేలదని చెబితే, సూర్యాపేటలో అన్నగారు పంపకం మళ్ళీ చెయ్యమంటాడు. ఆరిన కుంపటి రాజేసినవాణ్ణవుతాను. చెప్పకపోవడమే వాళ్ళకు మేలు! మనిషికి దురాశ పుట్టినప్పుడు ఎంత మంచి కారణాలు దొరుకుతాయో చూశారా?

గ్లాసు కింద పెట్టాక అడిగాను, “మీ నాన్నగారు ఎప్పుడూ లైకా అనేవారట. పెట్టె చూస్తే రష్యాది. మీకేమైనా తెలుసా?”

“పెట్టె మార్చారు కదా సార్! నేను చిన్నవాణ్ణి. సాగరు కాలవ తవ్వుతున్నప్పుడు ఫొటోలు తియ్యడానికి పోతే, గట్టుమీద జారి కెమేరా రాళ్ళమీద పడ్డది. లోపల బట్టతెర చిరిగిపోయింది, నోరు వంకర పోయింది. మా అమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదు. పుస్తెలతాడు అమ్మి కొన్నారట అది. తరవాత హైదరాబాదు పోయి, లెన్సుకు సరిపడే పెట్టె ఒకటి చూసుకుని తెచ్చుకున్నారు. అన్న అప్పుడు నల్లగొండ హాస్టల్లో వున్నాడు. ఆయనకు తెలీదు.”

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగరు కాలవలకు నీళ్ళు వదిలారు. పెట్టెమీద నంబరు 66. లెక్క సరిపోయింది.

చెప్పేశాను. లెన్సు ఏమిటో, ఎంత పలుకుతుందో, అన్నగారు నన్నేమి అడిగారో అంతా చెప్పేశాను. ఆయన పేరెత్తవద్దన్న మాట కూడా తప్పాను. తమ్ముడుగారు కాసేపు డబ్బా మూత బిగిస్తూ, విప్పుతూ కూర్చున్నాడు. తరవాత ఫోను తీసి, నా ముందే కలిపాడు. అవతల చాలాసేపు మోగింది.

“అన్నా, నేను. నాయిన అబద్ధమాడలేదు. లైకా నా దగ్గరున్నది.”

అవతలివైపు మాట నాకు వినపడలేదు. చాలాసేపు ఏ మాటా లేదనుకుంటాను.

పెట్టె ఒకచోట, కన్ను ఇంకోచోట ఆరేళ్ళున్నాక రెండూ కలిసి చూస్తాయో లేదో తేల్చుకోనిదే బేరం లేదు. లెన్సు మర పెట్టె నోటికి బిగిసినంత మాత్రాన చాలదు. ముప్ఫయి తొమ్మిది మిల్లీమీటర్ల మర అందరిదీ ఒకటే. కాని నోటి అంచునుంచి ఫిల్ముదాకా దూరం సరిగ్గా 28.8 మిల్లీమీటర్లుండాలి, వెంట్రుకవాసి తేడా వచ్చినా బొమ్మ మసకేస్తుంది. 1931కి ముందు లైట్జ్ వారు కూడా ఏ లెన్సును ఏ పెట్టెకు సరిచేస్తే దానికే అంటగట్టేవారు. తరవాతనే అన్నింటినీ ఒక్క కొలతకు తెచ్చి, ఆ గుర్తుకు నోటిమీద ఒక సున్న చెక్కారు. మొదటి ఫెడ్‌లదీ అదే తంతు. ఒకదాని కన్ను ఇంకోదానికి పెడితే గుడ్డిదే. అందుకే పాత కెమేరా కొనేటప్పుడు పెట్టె ఒకరి దగ్గరా, లెన్సు ఒకరి దగ్గరా కొనవద్దంటారు. కొనక తప్పకపోతే రెండింటినీ ఎదురెదురుగా కూచోబెట్టి జాతకాలు చూడాలి.

జాతకాలు చూసే ఆయన మిర్యాలగూడలో వున్నాడు. గడియారాలు బాగుచేసే పెద్దాయన; ఎనభై దగ్గర పడుతున్నాయి. చెయ్యి వణుకుతుంది గాని, కంటికి భూతద్దం బిగించి స్క్రూడ్రైవరు పట్టగానే ఆ వణుకు ఎటు పోతుందో పోతుంది. మరుసటి ఆదివారం నేనూ తమ్ముడుగారూ హుజూర్‌నగర్ మీదుగా అక్కడికి చేరేసరికి అన్నగారు తోలుసంచీ ఒళ్ళో పెట్టుకుని ముందే కూర్చునివున్నాడు. “మోసం జరగకుండ చూడనీకి వచ్చిన,” అన్నాడు నాతో. తమ్ముడివైపు చూడలేదు.

గడియారాల పెద్దాయన ముందు వెనకమూత లాగి తీశాడు. జోర్కీ-4లో వీపంతా ఊడివస్తుంది, అది గొప్ప సౌకర్యం. తెరను వెలుతురుకు పెట్టి చూశాడు. రబ్బరుపూసిన బట్టతెర, చిల్లుల్లేవు. ఇలాంటి కెమేరాను లెన్సుమూత లేకుండా ఎండకు ఎదురుగా పెడితే భూతద్దం కింద కాగితం కాలినట్టు తెర కాలిపోతుంది. నా రెండో కెమేరాకు పట్టిన గతి అదే. ఆ మందుడబ్బా మూత ఈ తెరను కాపాడింది! వేగంగా పనిచేసే మీటలన్నీ బాగానే వున్నాయి, సెకనుదీ అర సెకనుదీ మాత్రం తెరుచుకుని అలాగే వుండిపోయాయి. నూనె గడ్డకట్టిందన్నాడు. పెట్రోలుతో కడిగి, పిన్ను మొనతో చుక్క నూనె వేశాడు. గంట పట్టింది.

నేను ఆత్రంగా వేగం చక్రం తిప్పబోతే చేతిమీద కొట్టినంత పనిచేశాడు. “ముందు కీ ఇయ్యాలె, తర్వాతనే నంబరు తిప్పాలె. ఉల్టా చేస్తే లోపల పండ్లు ఇరుగుతయ్!” ఈ ఒక్క సంగతి తెలియక ఎన్ని జోర్కీలు మూలపడ్డాయో. రాసిపెట్టుకోండి.

తరవాత లెన్సు బిగించి అందరం డాబా ఎక్కాము. మిర్యాలగూడలో దూరపు గురికి కొదవేముంది, ఎటు చూసినా రైసుమిల్లుల పొగగొట్టాలే. ఉడికిన వడ్ల వాసన గాలిలో వస్తోంది. లెన్సును అనంతం గుర్తుదాకా తిప్పి కిటికీలోంచి చూస్తే ఒక్క పొగగొట్టం రెండై కనిపించింది. కిటికీ పక్కన దాక్కున్న మరను పెద్దాయన వెంట్రుకంత వెంట్రుకంత తిప్పుతూ పోయాడు. రెండు గొట్టాలూ జరుగుతూ జరుగుతూ ఒకదాంట్లో ఒకటి దూరిపోయాయి. తమ్ముడుగారు చూశాడు. కెమేరా అన్నగారి చేతికిచ్చాడు. ఆయనా చూశాడు, చాలాసేపే చూశాడు.

దూరం కుదిరినా దగ్గర కుదరాలి. కిందికి దిగాక, మిఠాయికొట్టునుంచి తెచ్చిన నూనెకాగితం ముక్కను ఫిల్ము వుండే చోట బిగుతుగా పరిచి, షట్టరు తెరిచిపెట్టి, లెన్సు కన్ను పూర్తిగా విప్పి, నాలుగడుగుల్లో వున్న గోడ కేలెండరుమీద అంకెల్ని రేంజ్‌ఫైండరుతో కలిపాడు. తరవాత గడియారాల భూతద్దం పెట్టి కాగితంమీద పడిన బొమ్మ చూశాడు. కేలెండరు తలకిందులుగా, గోరంత వుంది. తేదీ అంకెలు మాత్రం సూదితో గీసినట్టున్నాయి. పదడుగుల్లో మళ్ళీ చూశాడు. “సరిపోయింది,” అన్నాడు. ఆ వెట్జ్‌లార్ కన్నును ఈ క్రాస్నగోర్స్క్ వొంటికి సరిగ్గా ఎవరో కూర్చోబెట్టే ఇచ్చారన్నమాట, అరవై ఏళ్ళ కిందట, హైదరాబాదులో.

బేరం మాత్రం విచిత్రంగా జరిగింది. లెన్సు పాతిక, పెట్టె నాలుగు పలుకుతాయని అందరిముందూ మళ్ళీ చెప్పాను. నేనివ్వగలిగింది మొత్తం ఇరవై వేలు. ఈరోజు పన్నెండు, మిగతాది రెండు నెలల్లో రెండు వాయిదాలు. కుదరకపోతే దణ్ణం పెట్టి వెళ్ళిపోతాను. అన్నదమ్ములిద్దరూ నాతో మాట్లాడకుండా గడియారాల పెద్దాయనతో మాట్లాడటం మొదలుపెట్టారు.

“సగం సగం అని చెప్పండి ఆయనకు,” అన్నాడు తమ్ముడు.

“పంపకం పంపకమే. అద్దం వానిది. నా పెట్టెకు నాలుగు వేలిస్తే సాలు, ఎక్కువ నాకొద్దని చెప్పు,” అన్నాడు అన్న.

“నాకు ఎనిమిది వందలియ్యాలె. అది ఎవరిస్తరో ముందు చెప్పుండ్రి,” అన్నాడు పెద్దాయన.

అది నేనిచ్చాను. అన్నగారు నాలుగు వేలు లెక్కపెట్టుకుని, అంతకు మించి ముట్టలేదు. తమ్ముడుగారు మిగతాది జేబులో పెట్టుకుని బయటికి పోయాడు. వచ్చేటప్పుడు రెండు గోళీసోడాలు తెచ్చి, ఒకటి నాకిచ్చి, ఒకటి అన్నగారి ముందు బల్లమీద పెట్టాడు. ఆయన కొంతసేపు దాన్ని చూసి, తాగాడు.

వెళ్ళేముందు రీలు ఎక్కించి, పరీక్షకని వాళ్ళిద్దర్నీ గడియారాల గోడముందు నిలబడమన్నాను. పన్నెండు గడియారాలు, పన్నెండు టైములు. మధ్యలో ఇద్దరూ, రెండడుగుల ఎడంతో.

రీలు హైదరాబాదు పంపి కడిగించాను. మొదటి నాలుగూ నేను సరిగా ఎక్కించక పాడయ్యాయి. పిల్లలమర్రి గుళ్ళో తీసిన వాటిలో ఒకటి చెయ్యి కదిలింది. గడియారాల గోడ బొమ్మ మాత్రం బాగా వచ్చింది. పెద్దాయన చొక్కా గుండీకి వున్న దారంతో సహా కనిపిస్తోంది. పైన ఒక మూల కాస్త మసక వుంది, పంచెచెంగు గీతలవల్ల కాబోలు. రెండు కాపీలు వేయించి ఒకటి సూర్యాపేటకు, ఒకటి కోదాడకు పోస్టులో పంపాను. మొదటి వాయిదా కట్టేశాను. రెండోది వచ్చే నెల పెన్షను పడగానే కట్టాలి. మా ఇంటావిడకు ఇంకా చెప్పలేదు.